నెల్లూరులో బండి తీయకుండా బతకాలంటే ఇల్లు ఎక్కడ చూసుకోవాలి

హైదరాబాద్ నుంచి నెల్లూరుకు మారుతున్నారు. మీకు కోవూరులో బ్యాంకు బ్రాంచి. మీవారికి కృష్ణపట్నం పోర్టు వైపు షిఫ్టు డ్యూటీ, రాకపోకలకు కంపెనీ బస్సు. ఇంట్లో ఉన్నది ఒక్కటే స్కూటర్, రెండోది కొనే ఉద్దేశం లేదు. పాల ప్యాకెట్‌కీ కూరగాయలకీ మందులకీ బండి తీయనక్కర్లేని చోటు కావాలి, ఏ ఏరియా అయితే బాగుంటుందని అడిగారు.

ఈ ప్రశ్నకు ఏరియా పేరు జవాబు కాదు. ఒకే ఏరియాలో ఒక వీధి హాయిగా నడిచేట్టు ఉంటుంది, దాని పక్క వీధిలో కాలువ మీద బండలు లేక నడిరోడ్డు మీదే పోవాల్సి వస్తుంది. నెల్లూరులో నడకను తేల్చేవి రెండు. ఒకటి, గుమ్మం దిగాక మొదటి 300 మీటర్లు ఎలా ఉన్నాయన్నది. రెండు, మీరు రోజూ దాటాల్సిన అడ్డం ఏదన్నది. అడ్డం అంటే ఇక్కడ రైలు పట్టాలు, ట్రంకు రోడ్డు (ఊరి మెయిన్ రోడ్డు). ఈ రెండూ చూసుకుంటే మీకు పనికొచ్చే వీధులు చాలా కొద్దిగా మిగులుతాయి. వాటిలో వెతకడం తేలిక.

ముందు పట్టాల సంగతి. చెన్నై–విజయవాడ లైను ఊళ్లోంచే పోతుంది. ట్రంకు రోడ్డు, ఆర్టీసీ బస్టాండు ఒక పక్కన ఉంటే, మాగుంట లేఅవుట్, మినీ బైపాస్ ఇంకో పక్కన ఉంటాయి. ఇటు నుంచి అటు పోవాలంటే ఎక్కువగా రామలింగాపురం, మాగుంట లేఅవుట్, ఊళ్లోనే ఉన్న ఆత్మకూరు బస్టాండు దగ్గరి అండర్ బ్రిడ్జిల్లోంచే పోవాలి. గట్టి వాన పడిన ప్రతిసారీ మొదట నీళ్లు నిలిచేది ఈ అండర్ బ్రిడ్జిల్లోనే. రోడ్డును పట్టాల కిందికి దించి కట్టారు కాబట్టి చుట్టుపక్కల నీళ్లన్నీ అక్కడికే చేరతాయి, మోటార్లు పెట్టి తోడితే గానీ పోవు. మ్యాపులో చూస్తే మాగుంట లేఅవుట్ నుంచి బస్టాండు దగ్గరే అనిపిస్తుంది. వాన రోజున ఆ దగ్గరకు అర్థం లేదు. వాన లేని రోజున కూడా అండర్ బ్రిడ్జిలో కాలినడకకు వేరే గట్టు ఉందా, లేక బస్సుకూ గోడకూ మధ్య నక్కి పోవాలా అన్నది మీ కళ్లతో చూడాలి. అది కూడా ఉదయం ఎనిమిదీ తొమ్మిది మధ్య, స్కూలు బస్సులు తిరిగే వేళ చూడాలి.

అందుకే మొదటి నియమం ఇది: మీ ఇద్దరిలో ఎవరికీ రోజూ అండర్ బ్రిడ్జి దాటే పని ఉండకూడదు. నెలకో రెండు నెలలకో ఒకసారి సినిమాకో పెళ్లికో దాటితే పరవాలేదు.

ట్రంకు రోడ్డు రెండో అడ్డం. డివైడరు ఎక్కడ తెగి ఉందో అక్కడే దాటగలం. మీ వీధి చివరి నుంచి ఆ తెగిన చోటు 200 మీటర్లుంటే, అటుపక్క కనపడే కొట్టు నిజానికి 400 మీటర్లు పైనే అవుతుంది. అక్కడ నిలబడి వాచీ చూడండి. రోడ్డు దాటడానికి నిమిషం పైగా ఆగాల్సి వస్తే, అదీ ప్రతిసారీ అయితే, ఆ అటుపక్క కొట్లను మీ లెక్కలోంచి తీసేయండి. మొదటి వారం దాటుతారు, రెండో నెలకు బండి తీస్తారు.

ఇప్పుడు మీ ఇద్దరి లెక్క. దంపతులు ఊరు మారేటప్పుడు మామూలుగా జరిగే పొరపాటు, ఇద్దరి ఆఫీసులకూ మధ్యలో ఇల్లు చూడటం. మధ్యలో ఉంటే ఇద్దరికీ బండి కావాలి. ఒకరికి పూర్తిగా నడిచి తేలే చోటు చూసి, రెండోవారికి ఉన్న ఒక్క స్కూటర్ వదలాలి. మీ విషయంలో నడక మీకు దక్కాలి. మీవారికి కంపెనీ బస్సు ఉంది, అది ఏ స్టాపులో ఆగితే అక్కడికి ఐదు నిమిషాలు బండి మీద పోయి బండి అక్కడే పెట్టుకోవచ్చు. మీరు కోవూరుకు ఆర్టీసీ బస్సులో గానీ షేర్ ఆటోలో గానీ పోవాలి.

కోవూరు పెన్నకు అవతల ఉంది. బుచ్చిరెడ్డిపాలెం, ఆత్మకూరు వైపు పోయే బస్సులు పెన్న వంతెన దాటి కోవూరు మీదుగానే పోతాయి. వాటిని ఎక్కడానికి ఆత్మకూరు బస్టాండు అనుకూలం. ఇంకో సంగతి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. కోవూరు దాకా పల్లెవెలుగు చాలు. అంటే మీ రాకపోకల ఖర్చు సున్నా, కాకపోతే ఆంధ్రలో ఉంటున్నట్టు గుర్తింపు కార్డు చూపించాలి. మీ ఆధార్‌లో తెలంగాణ అడ్రసు ఉంటే ఇల్లు కుదరగానే మార్పించుకోండి. దాని గురించి చివర్లో చెబుతాను.

కంపెనీ బస్సు స్టాపుల జాబితా ఇల్లు వెతకడానికి ముందే తెప్పించుకోండి. హెచ్‌ఆర్ వాళ్లను అడిగితే ఇస్తారు. ఏ స్టాపు అన్నది మాత్రమే కాదు, ప్రతి షిఫ్టుకీ ఆ స్టాపులో బస్సు ఎన్నింటికి ఆగుతుందో, రాత్రి తిరుగు బస్సు కూడా అదే చోట దించుతుందో లేదో అడగాలి. పొద్దున ఎక్కించుకునేది వీధి చివర, రాత్రి దించేది మెయిన్ రోడ్డు మీద అయితే లెక్క మారిపోతుంది.

ఇక ఏ పేట ఎలా ఉంటుందో, మీ అవసరానికి పనికొచ్చే మేరకు.

సుబేదారుపేట, రైల్వే స్టేషను పరిసరాలు, అక్కడి నుంచి స్టోన్‌హౌస్‌పేట వైపు వీధులు. ఆత్మకూరు బస్టాండు అందుబాటులో ఉంటుంది, రైలూ దగ్గరే. మీ పనికి మొదట వెతకాల్సింది ఇక్కడే. స్టోన్‌హౌస్‌పేటలో హోల్‌సేల్ వ్యాపారం ఎక్కువ, లారీలు నిలబెట్టి మూటలు దించే వీధులుంటాయి. అలాంటి వీధికి ఒకటి రెండు వీధులు లోపలికి చూడండి. దించే వేళ రోడ్డు సగం మూసుకుపోతుంది, మిగతా సగంలో నడక, బండ్లు, అన్నీ. పట్టాలకు 200 మీటర్ల లోపు ఇల్లయితే రాత్రంతా రైళ్లు, కూతలు. కొందరికి వారంలో అలవాటవుతుంది, కొందరికి ఏళ్లు గడిచినా కాదు. షిఫ్టు చేసి పగలు పడుకునే మనిషి ఇంట్లో ఉన్నప్పుడు ఇది చిన్న విషయం కాదు. పడక గది పట్టాల వైపు లేని ఇల్లు చూడండి.

రంగనాయకులపేట, మూలాపేట, సంతపేట, చిన్నబజారు, పెద్దబజారు. పాత ఊరు. నిజం చెప్పాలంటే నడకకు నెల్లూరులో ఇంతకంటే మంచి చోటు లేదు. తల్పగిరి రంగనాథస్వామి గుడి, మూలస్థానేశ్వరస్వామి గుడి చుట్టూ అల్లుకున్న వీధులు కార్ల కోసం వేసినవి కావు. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు, ఇరుకు సందులు, అందుకే ఎండవేళా నీడ దొరుకుతుంది. పాలు, పూలు, టిఫిను, కిరాణా, టైలరు, అన్నీ కూతవేటు దూరంలో ఉంటాయి. ఇబ్బంది ఇంటి లోపల ఉంటుంది: గాలి, వెలుతురు తక్కువ, పాత కట్టడాలు, స్కూటర్ పెట్టుకునే చోటు ఉండదు, బాత్రూములు పెరట్లో ఉన్న ఇళ్లు ఇంకా కనపడతాయి. కొత్తగా కట్టిన రెండో అంతస్తు వాటా దొరికితే వదలకండి. బ్రహ్మోత్సవాలప్పుడు రథం తిరిగే వీధుల్లో కొన్ని రోజులు బండ్లు కదలవు, నడిచేవాళ్లకు అది ఇబ్బంది కాదు.

పొగతోట, బృందావనం. డాక్టర్ల పేట. మందుల షాపులు రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉంటాయి, వీధి దీపాలతో పాటు కొట్ల వెలుతురూ ఉంటుంది, మనుషుల అలికిడి ఉంటుంది. రాత్రి షిఫ్టు దిగి నడిచి రావడానికి ఇది మేలైన చోటు. పగలు మాత్రం ఆసుపత్రులకు వచ్చినవాళ్ల బండ్లు రోడ్డుకు రెండు పక్కలా నిలిపి ఉంటాయి. పేషెంట్ల హడావిడి ఉదయం పదకొండుకీ, సాయంత్రం ఏడుకీ ఎక్కువ. ఇల్లు చూసేది ఆ వేళల్లో చూడండి.

దర్గామిట్ట. ఆర్టీసీ బస్టాండు, కలెక్టరాఫీసు, రాజరాజేశ్వరి అమ్మవారి గుడి, ప్రభుత్వ ఆసుపత్రి. దూర ప్రయాణాలు ఎక్కువ చేసేవాళ్లకు సరిపోతుంది. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకు లక్షల మంది వస్తారు, ఆ కొన్ని రోజులు ట్రాఫిక్ మళ్లిస్తారు. కోవూరు పోవడానికి ఇక్కడి నుంచి ఊరు మొత్తం దాటాలి కాబట్టి మీకు రెండో వరసే.

మాగుంట లేఅవుట్, రామలింగాపురం, హరనాథపురం. లోపలి వీధులు తిన్నగా, వెడల్పుగా ఉంటాయి. అపార్టుమెంట్లు, సూపర్ మార్కెట్లు, హోటళ్లు ఉన్నాయి. ఇంటి చుట్టూ నడకకు బాగుంటుంది, అందుకే కొత్తగా వచ్చేవాళ్లంతా ఇక్కడే అడుగుతారు. ఇంటి నుంచి పనిచేసే జంట అయితే ఇక్కడే చూడమని చెప్పేవాణ్ణి. మీరు రోజూ కోవూరు పోవాలి కాబట్టి అండర్ బ్రిడ్జి తప్పదు. మీవారి బస్సు స్టాపు ఇక్కడే ఉందని తేలినా, ముందు చెప్పిన లెక్క ప్రకారం మీ నడకకే మొదటి ఓటు.

వేదాయపాళెం, అయ్యప్పగుడి దగ్గర సొంత రైల్వే స్టేషను ఉంది, గూడూరు వైపు ఉద్యోగమైతే మంచిది. మీది ఎదురు దిక్కు. ఇక హైవే బైపాస్‌కు ఆనుకుని కొత్తగా లేచిన అపార్టుమెంట్ల జోలికి పోకండి. అదే అద్దెకు ఒక గది ఎక్కువ వస్తుంది, కొత్తిమీర కట్టకు కూడా బండి తీయాలి.

పేట తేలాక వీధిని పరీక్షించాలి. రెండు రోజులు స్టేషను దగ్గర లాడ్జిలో దిగి నడవండి. ఆదివారం ఒక్కటే వచ్చి చూసి పోవద్దు. ఆదివారం రోడ్లు ఖాళీ, కొట్లు సగం మూత, వీధి నిజం బయటపడదు. శుక్ర, శని అయితే సరి.

దూరాన్ని మీటర్లలో కాదు, మీ నడకతో కొలవండి. చదును నేల మీద మామూలు మనిషి పది నిమిషాల్లో 800 మీటర్లు నడుస్తాడు. చీర కట్టుకుని, చేతిలో సంచితో, ఎండలో అయితే అదే 12, 13 నిమిషాలు. నా లెక్క ఇలా ఉంటుంది: పాలు, కిరాణా, మందుల షాపు, ఇస్త్రీ బండి 300 మీటర్ల లోపు. కూరగాయలు, టిఫిను, ఏటీఎం, మీ బస్సు 800 లోపు. ఆసుపత్రి, రైల్వే స్టేషను కిలోమీటరున్నర దాకా పోయినా సరే. రోజూ పడే పని దూరమైతే ఎంత మంచి వీధి అయినా మీకు ఉపయోగపడదు. నెలకోసారి పడే పని దగ్గరగా ఉండటం కోసం ఎక్కువ అద్దె కట్టకండి.

ఇంటి ఓనరు "మార్కెట్టు రెండే నిమిషాలండీ" అంటే అది బండి మీద రెండు నిమిషాలు. "నడిచి ఎంతసేపు? మీ ఇంట్లోవాళ్లు నడిచే పోతారా?" అని అడగండి. రెండో ప్రశ్నకు వచ్చే జవాబే అసలు జవాబు.

మూడు వేళల్లో నడవాలి: ఉదయం ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర, మధ్యాహ్నం రెండు, రాత్రి తొమ్మిది. మీవారికి రాత్రి షిఫ్టు ఉంటే పదకొండుకు కూడా. ఇద్దరూ కలిసి ఒకసారి, విడివిడిగా ఒకసారి. ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ నడిస్తే ఏ వీధైనా బాగానే ఉంటుంది. మీరు ఒక్కరే నడిచినప్పుడు ఎక్కడ అడుగు వడివడిగా పడుతుందో, ఏ మలుపులో ఫోను చేతిలోకి తీసుకోవాలనిపిస్తుందో గుర్తుపెట్టుకోండి. మద్యం షాపులు రాత్రి పది దాకా ఉంటాయి. షాపు ఉన్న మలుపు కంటే, దాని పక్క సందులో నిలబడి తాగే చోటు ఎక్కువ ఇబ్బంది. అది పగలు కనపడదు, పడి ఉన్న ప్లాస్టిక్ గ్లాసులు చూసి పోల్చుకోవాలి.

కాలిబాట గురించి పెద్దగా ఆశపడకండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం నివాస ప్రాంతాల్లో కాలిబాటకు 1.8 మీటర్ల ఖాళీ వెడల్పు ఉండాలి. నెల్లూరు లోపలి వీధుల్లో మీరు నడిచేది సైడు కాలువ మీద పరిచిన బండల మీదో, రోడ్డు అంచునో. కాబట్టి చూడాల్సింది ఆ బండలు. వరసగా ఉన్నాయా, మధ్యలో ఎక్కడ తీసేశారు, కాలు పెడితే ఊగుతున్నాయా. ఇంటింటికీ కట్టిన ర్యాంపుల వల్ల ప్రతి గుమ్మం ముందూ ఎక్కి దిగాల్సి వస్తే అక్కడ ఎవరూ బండల మీద నడవరు, రోడ్డు మీదికే దిగుతారు. రోడ్డు 20 అడుగులుండి ఒక పక్కన కార్లు నిలిపి ఉంటే నడిచేవాళ్లకూ బండ్లకూ కలిపి మిగిలేది పన్నెండు పదమూడు అడుగులు. ఎదురూబొదురూ రెండు ఆటోలు వస్తే మీరు గోడకు అతుక్కోవాలి.

కుక్కల సంగతి రాత్రి తొమ్మిది తర్వాతే తెలుస్తుంది. మాంసం కొట్లు, చెత్త పోసే మూల, కర్రీ పాయింట్ వెనక సందు, ఇవి వాటి అడ్డాలు. తెల్లవారుజామున కంపెనీ బస్సుకు పోయే మనిషి ఆ దారినే పోవాలంటే వేరే దారి ఉందో లేదో చూసుకోండి.

దోమలు కూడా నడక లెక్కలోకే వస్తాయి. కదలని మురుగు కాలువ ఉన్న వీధిలో సాయంత్రం ఆరూ ఏడు మధ్య ఎవరూ అరుగు మీద కూర్చోరు, తలుపులు మూసి ఉంటాయి. మనుషులు బయట లేని వీధిలో నడక కూడా ఉండదు. ఆ వేళకు వీధిలో ఎన్ని తలుపులు తెరిచి ఉన్నాయో చూడండి, కాలువ ఎలా ఉందో తెలిసిపోతుంది.

ఇక వాన. దీని మీద కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే హైదరాబాద్ లెక్క ఇక్కడ నడవదు. నెల్లూరుకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే రెండు మూడు రోజులు ఆగకుండా కురుస్తుంది. జూన్‌లో ఇల్లు చూసినవాళ్లకు వీధి పొడిగా, పద్ధతిగా కనపడుతుంది. 2021 నవంబరులో సోమశిల డ్యామ్ నుంచి నీళ్లు వదిలాక పెన్న పొంగి భగత్‌సింగ్ కాలనీ, వెంకటేశ్వరపురం, పొర్లుకట్ట పక్క ఇళ్లు మునిగాయి, పడుగుపాడు దగ్గర హైవే తెగింది, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. అలాంటి రోజుల్లో కోవూరుకు ఎవరూ పోలేరు, మీ ఇల్లు ఎక్కడున్నా ఒకటే. కానీ 2023 డిసెంబరు మిచౌంగ్ తుపాను లాంటి వానకు వీధికీ వీధికీ తేడా ఉంటుంది. మీరు వెతకాల్సింది ఆ తేడాని.

ఎండ రోజున వాన జాడ ఎలా పట్టాలంటే, గేట్లు చూడండి. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా దాని మీదే వేస్తారు. రోడ్డు పైకి లేస్తుంది, పాత ఇళ్లు కిందికి పోతాయి. గేటు తెరుచుకోక కింది భాగం కోసి ఉంటే ఆ రోడ్డు లేచిందని గుర్తు. గుమ్మానికి అడ్డంగా జానెడు ఎత్తున ఇటుకల వరస కట్టి సిమెంటు పూసి ఉంటే, ఆ ఇంట్లోకి నీళ్లు వచ్చాయని గుర్తు. కాంపౌండు గోడల మీద మోకాలి కింద ఒకే ఎత్తులో మట్టి చార ఉంటే, కొత్త రంగు సగం దాకానే వేసి ఉంటే, అదీ గుర్తే. కరెంటు మీటరు మామూలు కంటే బాగా పైకి మార్చి బిగించి ఉంటే కారణం అడగండి. ఓనరును కాదు, వీధి మొదట్లో ఇస్త్రీ బండి అతన్ని అడగండి. "వానకు నీళ్లు ఎంత దాకా వస్తాయి, ఎన్నాళ్లు ఉంటాయి?" అని అడగాలి. "నీళ్లు వస్తాయా?" అంటే రావనే చెబుతారు. ఎంత దాకా అంటే చెయ్యి చూపిస్తారు. నీళ్లు పాదం తడిసేంత వచ్చి రెండు గంటల్లో పోతే పరవాలేదు. పిక్క దాకా వచ్చి రెండు రోజులుంటే, మూత లేని కాలువ ఎక్కడుందో నీళ్ల కింద కనపడదు, ఆ వీధిలో నడవడం ప్రమాదం.

ఎండ విషయంలో వీధి దిక్కు చూడండి, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఉత్తర దక్షిణాలుగా పోయే వీధిలో పొద్దున తూర్పు వరస ఇళ్ల నీడ, సాయంత్రం పడమటి వరస ఇళ్ల నీడ రోడ్డు మీద పడతాయి, ఏదో ఒక పక్క నీడలో నడవొచ్చు. తూర్పు పడమరలుగా పోయే వీధిలో ఏప్రిల్, మే నెలల్లో సూర్యుడు ఇంచుమించు నడినెత్తిన తిరుగుతాడు కాబట్టి ఇళ్ల నీడ రోడ్డుకు అందదు, పైగా పొద్దునా సాయంత్రమూ ఎండ నేరుగా మొహాన కొడుతుంది. అలాంటి వీధికి వేపో కానుగో చెట్లు వరసగా ఉంటేనే సరే. బస్టాండు దాకా మీ దారిలో ఎక్కువ భాగం ఏ దిక్కున ఉందో మ్యాపులో ఒక నిమిషంలో తెలుస్తుంది. ఇంటికైతే పడమటి గోడకు పడక గది లేకుండా, తూర్పు కిటికీ ఉండేట్టు చూడండి. మధ్యాహ్నం దాటాక సముద్రం గాలి అటు నుంచే వస్తుంది.

తాగునీళ్ల క్యాను అతన్ని కూడా ఒక మాట అడగండి. 20 లీటర్ల క్యాను మీ అంతస్తు దాకా మోసి వేస్తాడా, కింద పెట్టి పోతాడా? నడిచి బతికే ఇంటికి బరువైన సరుకు గుమ్మం దాకా రావాలి: క్యాను, గ్యాసు, బియ్యం మూట.

డబ్బు లెక్క. నడిచే వీధిలో అద్దె ఎక్కువ అడుగుతారు. ఎంత దాకా పోవచ్చంటే, రెండో స్కూటర్ ఖర్చు దాకా. లక్ష రూపాయల బండికి మూడేళ్ల ఈఎంఐ నెలకు 3,300 దాకా. రోజుకు 14 కిలోమీటర్ల చొప్పున నెలకు 25 రోజులైతే 350 కిలోమీటర్లు, లీటరుకు 45 వస్తే దాదాపు 8 లీటర్లు, లీటరు 110 లెక్కన 880. బీమా, సర్వీసింగ్ కలిపి 500 వేసుకోండి. మొత్తం నాలుగున్నర వేలు దాటుతుంది. కాబట్టి అద్దెలో మూడు వేల తేడా ఉన్నా నడిచే ఇల్లే మీకు లాభం. అయిదు వేలు దాటితే మాత్రం ఒక వీధి లోపలికి జరిగి చూడండి. మెయిన్ రోడ్డు నుంచి 150 మీటర్లు లోపలికి పోతే అద్దె తగ్గుతుంది, నడక రెండు నిమిషాలే పెరుగుతుంది.

ఎప్పుడు వెతకాలన్నది కూడా ముఖ్యమే. స్కూళ్లు ముగిసే ఏప్రిల్, మే నెలల్లో టులెట్ బోర్డులు ఎక్కువ, వాటికోసం వచ్చేవాళ్లూ ఎక్కువ. ఆషాఢంలో కొత్త ఇంట్లో పాలు పొంగించరు కాబట్టి ఖాళీగా ఉన్న ఇళ్లు అలాగే ఉండిపోతాయి, ఓనర్లు బేరానికి దిగుతారు. ఆషాఢంలో చూసి, అడ్వాన్సు ఇచ్చి, శ్రావణంలో దిగితే అక్టోబరు వానలకు ముందు రెండు నెలలు వీధి అలవాటవుతుంది.

అగ్రిమెంటు మామూలుగా 11 నెలలకు రాస్తారు. దాంట్లో లాకిన్ (ఇన్ని నెలల దాకా ఖాళీ చేయకూడదనే షరతు) పెడితే ఒప్పుకోకండి, లేదా ఆ షరతు డిసెంబరు లోపు ముగిసేట్టు రాయించుకోండి. ఖాళీ చేయడానికి నెల రోజుల నోటీసు చాలని, ఇంట్లోకి నీళ్లు వస్తే నోటీసు లేకుండానే అడ్వాన్సు తిరిగివ్వాలని ఒక వాక్యం పెట్టమనండి. నీళ్లు రాని ఇంటి ఓనరు దానికి అభ్యంతరం చెప్పడు. అడ్వాన్సు ఫోన్‌పే ద్వారానో బ్యాంకు ద్వారానో ఇవ్వండి, సున్నం ఖర్చు ఎవరిదో అప్పుడే తేల్చుకోండి. అగ్రిమెంటులో మీ ఇద్దరి పేర్లూ ఉండాలి, ఇంటి నంబరు, డివిజను, పిన్‌కోడు పూర్తిగా రాయాలి. ఆధార్‌లో అడ్రసు మార్చుకోవడానికి ఎలాంటి అగ్రిమెంటు చెల్లుతుందో ముందే ఆధార్ కేంద్రంలో అడిగి, రిజిస్ట్రేషను కావాలంటే ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలో ఓనరుతో అడ్వాన్సు ఇచ్చేముందే మాట్లాడుకోండి. ఆ కార్డు మారేదాకా కోవూరు బస్సుకు టికెట్ డబ్బులు చేతిలో ఉంచుకోండి.